గోదావరి డెల్టాలో క్యాంపర్ వ్యాను ఫ్రిజ్ ఆగకుండా నడవాలంటే

క్యాంపర్ వ్యానులో ఫ్రిజ్ ఆగిపోతే ఎవరికైనా మొదట అనుమానం వచ్చేది ఫ్రిజ్ మీదే. గ్యాసు పోయిందేమో, కంప్రెసర్ కాలిపోయిందేమో అని టెన్షన్ పడి సర్వీసు సెంటరు నంబరు కోసం వెతుకుతారు. తీరా చూస్తే చాలాసార్లు ఫ్రిజ్‌లో ఏ లోపమూ ఉండదు. దానికి రావాల్సిన కరెంటు సన్నటి వైరు దగ్గరో, వదులైన సాకెట్ దగ్గరో తగ్గిపోతూ ఉంటుంది. లేదా అది వదిలే వేడి బయటికి పోయే దారి లేక దాని చుట్టూనే తిరుగుతూ ఉంటుంది. అందుకే ఏ కంపెనీ ఫ్రిజ్ కొనాలన్నదాని గురించి ఇక్కడ చెప్పేది తక్కువ. వైరు, బ్యాటరీ, గాలి గురించే ఎక్కువ చెబుతాను.

మన డెల్టాలో ఇంకో సంగతి ఉంది. ధవళేశ్వరం దిగువన గోదావరి గౌతమి, వశిష్ఠలుగా చీలిన దగ్గర నుంచి సముద్రం దాకా అంతా బల్లపరుపు నేల, ఊళ్లన్నీ దగ్గర దగ్గర. రాజమండ్రిలో బయలుదేరి రావులపాలెం, అమలాపురం మీదుగా రాజోలు వైపు వెళ్లినా, అక్కడి నుంచి చించినాడ వంతెన దాటి పాలకొల్లు చేరినా బండి నడిపేది రెండు మూడు గంటలే. మిగతా రోజంతా వ్యాను ఏ కాలవ గట్టునో, ఏ తోట పక్కనో ఆగి ఉంటుంది. ఇంజిన్ తిరిగినంతసేపే ఆల్టర్నేటర్ ఛార్జింగ్ ఎక్కిస్తుంది. కాబట్టి రోజుకు నాలుగైదు వందల కిలోమీటర్లు హైవే మీద నడిపేవాళ్ల లెక్కలు ఇక్కడ సరిపోవు. నడిపేది తక్కువ, ఆగేది ఎక్కువ అన్న లెక్కతోనే ఏర్పాట్లు చేసుకోవాలి. దానికి తోడు ఉక్కపోత, తీరం వెంట ఉప్పుగాలి ఎలాగూ ఉన్నాయి.

మీ ఫ్రిజ్ ఏ రకం?

వ్యానుల్లో కనిపించేవి ముఖ్యంగా నాలుగు రకాలు.

సిగరెట్ లైటర్ సాకెట్‌లో పెట్టి వాడే చిన్న కూలర్ పెట్టెలు చాలావరకు థర్మోఎలక్ట్రిక్‌వి. ఇవి చుట్టూ ఉన్న వేడి కంటే 15 నుంచి 20 డిగ్రీలు మాత్రమే తగ్గించగలవు. వ్యాను లోపల 40 డిగ్రీలు ఉంటే పెట్టెలో 20 దాకా ఉంటుంది. కూల్‌డ్రింకుకు సరే గానీ పాలు, చేపల సంగతి మర్చిపోండి.

రెండోది గ్యాసు, 12 వోల్టులు, ఇంటి కరెంటు మూడింటి మీదా నడిచే అబ్సార్ప్షన్ ఫ్రిజ్. ఇందులో కంప్రెసర్ ఉండదు. మంట వేడితోనో హీటరు వేడితోనో అమ్మోనియా ద్రావణం మరిగి, తిరిగి చల్లబడుతూ ప్రవహిస్తుంది. చప్పుడు లేకుండా నడుస్తుంది, అది దాని గొప్పతనం. కాకపోతే సమతలంగా నిలబెట్టాలి, లేకపోతే లోపలి ద్రావణం సరిగా పారదు. మన కాలవ గట్లు చూడటానికి చదునుగా ఉన్నా అంచుకు వెళ్లేకొద్దీ వాలుతాయి. ఫ్రిజ్ లోపల గోళీ పెట్టి చూస్తే వాలు ఎటు ఉందో తెలిసిపోతుంది. అటువైపు చక్రం కింద చెక్క పెట్టుకోవాలి. పైగా ఎండాకాలం వేడికి ఈ రకం డీలా పడుతుంది. 12 వోల్టుల మీద 10 ఆంపియర్లకు పైనే లాగుతుంది కాబట్టి ఇంజిన్ నడుస్తున్నప్పుడే ఆ లైను వాడాలి. పెట్రోలు బంకులోకి వెళ్లేముందు, సఖినేటిపల్లి రేవులాంటి చోట బండ్లను నది దాటించే పంటు ఎక్కేముందు దాని మంట తప్పకుండా ఆర్పేయండి.

మూడోది 12 వోల్టుల డీసీ కంప్రెసర్ ఫ్రిజ్, అంటే ఇన్వర్టర్ అక్కర్లేకుండా నేరుగా బ్యాటరీ మీద నడిచేది. మన వాతావరణానికి నేను చెప్పేది ఇదే. చాలా మోడళ్లు 30 డిగ్రీల వాలులో కూడా నడుస్తాయి. ఎండలోనూ 4 డిగ్రీలకు దింపుతాయి. చాలావరకు పైమూత పెట్టె రూపంలో వస్తాయి, అదీ మంచిదే. మూత తీసినా చల్లగాలి అడుగునే ఉంటుంది, ముందు తలుపున్న ఫ్రిజ్‌లోలాగా ఒక్కసారిగా కాళ్ల మీదకు జారిపోదు.

నాలుగోది ఇంట్లో వాడే సింగిల్ డోర్ ఫ్రిజ్‌ను ఇన్వర్టర్ మీద నడపడం. డబ్బు కలిసొస్తుందని చాలామంది ఇటే మొగ్గుతారు. కానీ మామూలు కంప్రెసర్ స్టార్ట్ అయ్యే క్షణంలో దాని వాటేజీకి కొన్ని రెట్లు లాగుతుంది, ఆ తాకిడి తట్టుకునే ఇన్వర్టర్ పెద్దది కావాలి. ఫ్రిజ్ నడవకపోయినా ఇన్వర్టర్ తన కోసం అర ఆంపియరో ఒక ఆంపియరో తింటూనే ఉంటుంది. రోజు తిరిగేసరికి అదే 12 నుంచి 24 ఆంపియర్ అవర్లు (ఒక ఆంపియరు చొప్పున గంటసేపు లాగితే ఒక ఆంపియర్ అవర్). చిన్న డీసీ ఫ్రిజ్ సగం రోజు నడిచేంత కరెంటు ఊరికే పోయినట్టు.

ఇకపై చెప్పేదంతా ప్రధానంగా డీసీ కంప్రెసర్ ఫ్రిజ్ గురించి.

రోజుకు ఎంత కరెంటు కావాలో ముందు తేల్చుకోండి

40, 50 లీటర్ల డీసీ ఫ్రిజ్ నడుస్తున్నప్పుడు 45 నుంచి 60 వాట్లు లాగుతుంది. అంటే 12 వోల్టుల మీద 4 నుంచి 5 ఆంపియర్లు. ఇరవైనాలుగు గంటలూ అది ఆగకుండా నడవదు. సంక్రాంతి రోజుల్లో మూడింట ఒక వంతు సమయం నడిస్తే, రోహిణీ కార్తెలో సగం సమయం, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ నడుస్తుంది. నడిచేటప్పుడు 4.5 ఆంపియర్లు అనుకుంటే చలికాలంలో రోజుకు 35 ఆంపియర్ అవర్ల దగ్గర, మే నెలలో 55 దగ్గర తేలుతుంది. పెద్ద లెక్క వేసుకుని ఉండటమే మంచిది. 60 అనుకోండి.

మీ ఫ్రిజ్ నిజంగా ఎంత తింటుందో కొలవడం అన్నిటికంటే మేలు. బ్యాటరీ నెగటివ్ దగ్గర షంట్ (కరెంటు కొలిచే చిన్న పరికరం) పెట్టి బ్యాటరీ మానిటర్ బిగిస్తే ఎన్ని ఆంపియర్ అవర్లు బయటికి పోయాయో, ఎన్ని లోపలికి వచ్చాయో కనిపిస్తుంది. క్లాంప్ మీటరుతో చూడాలనుకుంటే డీసీ కొలిచేదే అని అడిగి మరీ కొనండి. తక్కువ ధరకు దొరికేవి చాలావరకు ఏసీ మాత్రమే కొలుస్తాయి, డీసీ వైరు చుట్టూ పెడితే సున్నా చూపిస్తాయి.

ఇప్పుడు బ్యాటరీ. వ్యాను స్టార్టర్ బ్యాటరీ మీద రాత్రంతా ఫ్రిజ్ నడపకూడదు. అది కొన్ని క్షణాల పాటు పెద్ద కరెంటు ఇవ్వడానికి తయారైనది. నెమ్మదిగా లోతుగా ఖాళీ చేస్తూ పోతే తొందరగా పాడవుతుంది, తెల్లారి సెల్ఫ్ అందుకోదు. ఫ్రిజ్‌కు వేరే బ్యాటరీ ఉండాలి. ఇంట్లో ఇన్వర్టర్‌కు వాడే ట్యూబులర్ బ్యాటరీ తెచ్చి పెట్టేవాళ్లున్నారు. అది ఛార్జింగ్‌లో హైడ్రోజన్ వదులుతుంది, కుదుపులకు యాసిడ్ చిందుతుంది. మనుషులు పడుకునే వ్యానులో దానికి చోటు లేదు. లెడ్ యాసిడే కావాలంటే సీల్ చేసిన ఏజీఎం రకం తీసుకోండి. అందులో కూడా సగమే వాడుకోవాలి. 100 ఆంపియర్ అవర్ల బ్యాటరీ అంటే మీకు దక్కేది 50. లిథియం ఐరన్ ఫాస్ఫేట్‌లో అదే 100కి 80, 90 దాకా హాయిగా వాడుకోవచ్చు, బరువూ సగమే. ధర ఎక్కువ, అయినా డెల్టాలో ఆగి ఉండే ప్రయాణాలకు ఇదే తగినది. వేడి మాత్రం రెంటికీ శత్రువే కాబట్టి ఇంజిన్ పక్కన పెట్టకండి.

ఛార్జింగ్ ఎక్కడి నుంచి?

ఆల్టర్నేటర్ నుంచి రెండో బ్యాటరీకి నేరుగా వైరు లాగితే సరిపోతుందని కొందరు మెకానిక్‌లు చెబుతారు. పాత బండి, లెడ్ యాసిడ్ బ్యాటరీ అయితే మధ్యలో వోల్టేజీని బట్టి కలిసి విడిపోయే రిలే పెట్టి నెట్టుకురావచ్చు. లిథియంతో అది ప్రమాదం. దాని అంతర్గత నిరోధం చాలా తక్కువ కాబట్టి ఆల్టర్నేటర్‌ను శక్తికి మించి లాగేసి వేడెక్కిస్తుంది. పైగా ఇప్పటి బీఎస్ 6 బండ్లలో చాలావాటికి, స్టార్టర్ బ్యాటరీ నిండగానే వోల్టేజీ తగ్గించుకునే స్మార్ట్ ఆల్టర్నేటర్లు ఉంటున్నాయి. అప్పుడు రెండో బ్యాటరీ నిండదు. రెంటికీ మందు డీసీ టు డీసీ ఛార్జర్, అంటే ఆల్టర్నేటర్ కరెంటును రెండో బ్యాటరీకి తగిన వోల్టేజీకి మార్చి, హద్దులో ఎక్కించే పరికరం.

20 ఆంపియర్ల ఛార్జర్‌తో రెండు గంటలు నడిపితే 40 ఆంపియర్ అవర్లు ఎక్కుతాయి. మే నెలలో మన అవసరం 60. అదే 30 ఆంపియర్లదైతే సరిగ్గా 60 వస్తుంది. మన దూరాలకు 20 చాలదని నేను గట్టిగా చెప్పేది ఈ లెక్క చూసే. పెద్ద ఛార్జర్ కొనేముందు మీ ఆల్టర్నేటర్ ఆ భారం మోయగలదో లేదో ఎలక్ట్రీషియన్‌ను అడగండి. ఆగిన చోట ఇంజిన్ ఐడిల్‌లో పెట్టి ఛార్జ్ చేద్దామనుకుంటే డీజిల్ దండగ. ఆ వేగంలో ఆల్టర్నేటర్ ఇచ్చేది తక్కువ, ఇంజిన్ వేడి మాత్రం వ్యానులోకి వచ్చి ఫ్రిజ్‌కే పని పెంచుతుంది.

ఇక సోలార్. 200 వాట్ల ప్యానెల్ మంచి ఎండలో రోజుకు 600, 700 వాట్ అవర్లు ఇస్తుంది, అంటే దాదాపు 50 ఆంపియర్ అవర్లు. ముసురు పట్టిన శ్రావణంలో అందులో మూడో వంతు వచ్చినా గొప్పే.

అయితే కోనసీమలో అసలు చిక్కు నీడ దగ్గర వస్తుంది. మనకూ ఫ్రిజ్‌కూ నీడ కావాలి, ప్యానెల్‌కు ఎండ కావాలి. కొబ్బరాకుల నీడ పల్చగా ఉందిలే, సగం ఎండ పడుతోందిలే అనుకుంటాం. ప్యానెల్‌లో సెల్స్ వరసగా ఒకదానికొకటి కలిపి ఉంటాయి. ఒక మట్ట నీడ కొన్ని సెల్స్ మీద అడ్డంగా పడితే ఆ వరస మొత్తం ఇచ్చే కరెంటు పడిపోతుంది. అందుకని పైకప్పు మీద 100 వాట్లు, విడిగా మడిచి పెట్టుకునే ప్యానెల్ ఇంకో 100 వాట్లు ఉంచుకోవడం మంచి ఏర్పాటు. వ్యాను నీడలో నిలిపి, మడత ప్యానెల్‌ను 10 మీటర్ల వైరుతో ఎండలో పరిచి, ఎండ తిరిగినప్పుడల్లా దాన్నీ తిప్పుకోవాలి. ఇంకో మాట, ఎంత చల్లగా ఉన్నా కొబ్బరిచెట్టు కింద మాత్రం వ్యాను నిలపకండి. ఎండుమట్ట పడితే ప్యానెల్ పగులుతుంది, కాయ పడితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. మామిడి, చింత, నిద్రగన్నేరు లాంటి చెట్ల నీడ వెతుక్కోండి.

చుట్టాలింటి ముందు ఆగినా, దిండి లాంటి చోట రిసార్టులో ఆగినా ఇంటి కరెంటు మీద బ్యాటరీ ఛార్జర్ పెట్టేయండి. మూడు పిన్నుల ప్లగ్గు, ఎర్తింగ్ ఉన్న సాకెట్ తప్పనిసరి.

వైరింగ్: ఇక్కడ పిసినారితనం వద్దు

ఈ భాగం కాస్త ఓపిగ్గా చదవండి. ఫ్రిజ్ ఆగిపోయే కేసుల్లో ఎక్కువ ఇక్కడే తేలతాయి.

బ్యాటరీ నుంచి ఫ్రిజ్‌కు 5 మీటర్ల దూరం అనుకుందాం. కరెంటు వెళ్లాలి, తిరిగి రావాలి, కాబట్టి రాగి వైరు పొడవు 10 మీటర్లు. ఫ్రిజ్ 5 ఆంపియర్లు లాగుతోంది. వైరు మందం (అడ్డుకోత వైశాల్యం) 1 స్క్వేర్ ఎంఎం అయితే దారిలో 0.87 వోల్టులు పోతాయి. 2.5 అయితే 0.35. 6 స్క్వేర్ ఎంఎం అయితే 0.15.

ముప్పావు వోల్టుకు ఏమవుతుందిలే అనిపించవచ్చు. రాత్రి రెండు గంటలకు ఏం జరుగుతుందో చూడండి. లెడ్ యాసిడ్ బ్యాటరీ 12.4 వోల్టుల దగ్గర ఉంది, అంటే ఇంకా సగానికి పైనే ఉంది. కంప్రెసర్ స్టార్ట్ అవుతుంది. సన్నటి వైరులో 0.87 పోయి ఫ్రిజ్ దగ్గర 11.5 కనిపిస్తుంది. ఫ్రిజ్‌లో బ్యాటరీ ప్రొటెక్షన్ సెట్టింగ్ (దీని సంగతి కింద చెబుతాను) హైలో ఉంటే, బ్యాటరీ అయిపోయిందనుకుని అది తనంతట తానే ఆగిపోతుంది. ఆగగానే వైరులో కరెంటు లేదు కాబట్టి వోల్టేజీ మళ్లీ 12.4కు లేస్తుంది. ఆ వోల్టేజీ చాలనుకునే మోడల్ అయితే ఫ్రిజ్ మళ్లీ స్టార్ట్ అవుతుంది, మళ్లీ ఆగుతుంది. తెల్లారేదాకా ఇదే తంతు. పొద్దున మీరు మీటరు పెట్టి చూస్తే బ్యాటరీ బాగానే ఉంటుంది, పెరుగు మాత్రం పులిసిపోయి ఉంటుంది. ఫ్రిజ్ పాడైందన్న అపవాదు వచ్చేది ఇలాగే.

చేయాల్సింది ఇది. బ్యాటరీ నుంచి ఫ్రిజ్ దాకా 6 స్క్వేర్ ఎంఎం రాగి వైరు జత విడిగా లాగండి. పాజిటివ్ ఒక్కటే లాగి నెగటివ్‌ను బాడీ ఎర్త్‌కు కలిపేయడం మన గ్యారేజీల్లో అలవాటు. యానాం, అంతర్వేది వైపు నాలుగు రోజులు ఉప్పుగాలిలో తిరిగే బండికి ఆ బోల్టు దగ్గర తుప్పు పట్టడం మొదలవుతుంది, అక్కడ మళ్లీ వోల్టేజీ పోతుంది. నెగటివ్ కూడా బ్యాటరీ దాకా రానివ్వండి. పాజిటివ్ వైరుకు 15 ఆంపియర్ల ఫ్యూజు పెట్టాలి, అదీ బ్యాటరీకి జానెడు దూరం లోపలే. ఫ్యూజు కాపాడేది వైరును. ఫ్రిజ్ దగ్గర పెడితే మధ్యలో వైరు ఒరుసుకుని షార్టయినప్పుడు దాని వల్ల ఉపయోగం ఉండదు.

సిగరెట్ లైటర్ సాకెట్ నమ్ముకోవద్దు. రావులపాలెం దాటి లోపలి రోడ్ల మీద గుంతల్లో కుదుపులకు ప్లగ్గు సగం బయటికి వస్తుంది. వేలు పెట్టి చూస్తే వేడిగా తగులుతుంది. చాలా బండ్లలో తాళం తీయగానే ఆ సాకెట్‌కు కరెంటు ఆగిపోతుంది కూడా. దాని బదులు యాండర్సన్ కనెక్టర్ లాంటి గట్టిగా పట్టుకునేది బిగించండి. వైరు చివరలు మెలిపెట్టి టేపు చుట్టడం కాకుండా, రాగి లగ్గు (వైరు చివర తొడిగే రాగి తొడుగు) పెట్టి క్రింపింగ్ చేయించి, అంటే నొక్కి బిగించి, పైన హీట్ ష్రింక్ గొట్టం తొడిగించాలి. టెర్మినళ్లు బిగించాక పైన పల్చగా వాజలిన్ రాస్తే ఉప్పుగాలి లోపలికి పోదు.

అంతా అయ్యాక పరీక్ష ఒక్కటే. కంప్రెసర్ నడుస్తుండగా మల్టీమీటరుతో బ్యాటరీ దగ్గర ఒకసారి, ఫ్రిజ్ ప్లగ్గు దగ్గర ఒకసారి కొలవండి. తేడా 0.3 వోల్టులు దాటితే ఎక్కడో ఒక కీలు వదులుగా ఉన్నట్టే. ఫ్రిజ్ ఆగి ఉన్నప్పుడు కొలిస్తే తేడా కనిపించదు, నడుస్తున్నప్పుడే కొలవాలి.

ఫ్రిజ్‌లో బ్యాటరీ ప్రొటెక్షన్ అని మూడు మెట్ల సెట్టింగ్ ఉంటుంది. కొన్ని మోడళ్లలో హై పెడితే 11.8, మీడియం పెడితే 11.4, లో పెడితే 10.1 వోల్టుల దగ్గర ఫ్రిజ్ ఆగుతుంది. స్టార్టర్ బ్యాటరీ మీద తప్పక నడపాల్సి వస్తే హై, విడిగా ఉన్న ఏజీఎం అయితే మీడియం, లిథియం అయితే లో. లిథియంకు దాని లోపలే ఉండే రక్షణ సర్క్యూట్ బీఎంఎస్ కాపలా ఎలాగూ ఉంటుంది.

గాలి ఆడనివ్వాలి

ఫ్రిజ్ చేసే పనల్లా లోపలి వేడిని లాగి బయట పారబోయడమే. పారబోసిన వేడి అక్కడే ఉంటే మళ్లీ దాన్నే లాగాలి. కంప్రెసర్ వైపు జాలీ ముందు కనీసం 5 సెంటీమీటర్ల ఖాళీ ఉండాలి. చెక్క అరలో బిగించి ఉంటే అడుగున ఒక రంధ్రం, పైన ఒక రంధ్రం పెట్టించండి. చల్లగాలి కింద నుంచి వచ్చి వేడిగాలి పైనుంచి పోతుంది. పై రంధ్రం దగ్గర 12 వోల్టుల చిన్న కంప్యూటర్ ఫ్యాను ఒకటి చాలు. ఫ్రిజ్ పక్కన దుప్పట్లు, దిండ్లు, సంచులు కుక్కడం ఆపితే సగం సమస్య పోతుంది.

ఎండలో తలుపులు మూసి నిలిపిన వ్యాను లోపల మధ్యాహ్నానికి 50 డిగ్రీలు దాటుతుంది. ముందు అద్దానికి వెండి రంగు షీటు కట్టండి, పైకప్పు కిటికీ తెరిచి ఉంచండి. బండి నిలిపేటప్పుడు మధ్యాహ్నం మూడు గంటలకు ఎండ ఎటు పడుతుందో ఆలోచించి, ఫ్రిజ్ ఉన్న వైపు పడమటికి రాకుండా చూడండి. పొద్దున నీడ ఉన్న చోటుకు మధ్యాహ్నం నీడ ఉండదు.

తేమ, మంచు

మన ఉక్కపోతలో మూత తీసిన ప్రతిసారీ తడిగాలి లోపలికి పోయి, చల్లటి గోడ మీద మంచుగా గడ్డకడుతుంది. ఆ మంచు ఫ్రిజ్‌కు దుప్పటి కప్పినట్టే, చల్లదనం సరుకు దాకా చేరనివ్వదు. అర సెంటీమీటరు మందం దాటితే ఆపి కరిగించి తుడిచేయండి. కత్తితోనో స్క్రూడ్రైవరుతోనో గీకకండి, లోపలి గొట్టానికి చిల్లు పడితే గ్యాసు పోతుంది, ఆ ఫ్రిజ్ ఆ ప్రయాణానికి ఇక పనిచేయదు. గోరువెచ్చటి నీళ్ల గిన్నె లోపల పెట్టి మూత వేస్తే పావుగంటలో ఊడి వస్తుంది.

మూత రబ్బరు బిగువుగా ఉందో లేదో చూడటానికి కాగితం ముక్క మధ్యలో పెట్టి మూసి లాగండి. సులువుగా వచ్చేస్తే అక్కడ గాలి దూరుతున్నట్టే. ముందు రబ్బరును సబ్బునీళ్లతో కడిగి చూడండి, చాలాసార్లు జిడ్డు, ఇసుక వల్లే అది సరిగా అతుక్కోదు.

బయలుదేరే ముందు, సరుకు సర్దేటప్పుడు

ముందురోజు రాత్రే ఇంటి కరెంటు మీద ఫ్రిజ్ నడిపి 4 డిగ్రీలకు తీసుకురండి. నీళ్ల సీసాలు, పాలు, పెరుగు అన్నీ ఇంటి ఫ్రిజ్‌లో చల్లబరిచి అందులోకి మార్చండి. వేడి సరుకును చల్లబరచడమే ఫ్రిజ్‌కు అన్నిటికంటే పెద్ద పని, ఆ పని ఇంటి కరెంటుతో అయిపోవాలి. ఖాళీ మిగిలితే నీళ్ల సీసాలతో నింపండి. చిన్న థర్మామీటరు ఒకటి గ్లాసు నీళ్లలో ఉంచి లోపల పెట్టండి, మూత తీసినప్పుడు ముల్లు ఊగిసలాడకుండా అసలు చల్లదనం తెలుస్తుంది.

ఏది లోపల పెట్టాలి, ఏది అక్కర్లేదు అన్న నిర్ణయంతో సగం చోటు మిగులుతుంది. ఆత్రేయపురం పూతరేకులు ఫ్రిజ్‌లో పెట్టడం వాటికి ద్రోహం చేయడమే, తేమకు మెత్తబడిపోతాయి. తాపేశ్వరం కాజా, ఆవకాయ, అరటిపళ్లు, కొబ్బరి బొండాలు బయటే ఉండాలి. కోరిన కొబ్బరి, కొబ్బరి పచ్చడి మాత్రం మొదట లోపలికి పోవాలి, ఉక్కపోతలో అవి మధ్యాహ్నానికే వాసన వస్తాయి.

పచ్చి చేపలు, రొయ్యలు ఫ్రిజ్‌లో పెట్టకండి. మార్కెట్లో కొన్న చేప వేడిగా ఉంటుంది, నీరు కారుతుంది, వాసన పాలకు పడుతుంది. వాటికి థర్మాకోల్ పెట్టె వేరే ఉండాలి. కిలో చేపకు కిలో ఐసు లెక్కన అడుగున ఒక పొర, మధ్యలో ఒకటి, పైన ఒకటి వేసి, కరిగిన నీళ్లు వంచేస్తూ ఉండాలి. వరద నీరు వచ్చే రోజుల్లో పులస దొరికి పులుసు పెట్టారనుకోండి, అది మరునాటికే రుచి అని రాత్రికి దాచుకుంటాం. ఆ గిన్నెను పొయ్యి మీద నుంచి దించి నేరుగా ఫ్రిజ్‌లో పెడితే ఒక్క దెబ్బకు లోపల పది డిగ్రీలు పెరగవచ్చు. వెడల్పాటి బేసిన్‌లో నీళ్లు పోసి గిన్నె అందులో ఉంచండి, నీళ్లు వెచ్చబడితే మార్చండి. గిన్నె చేతికి చల్లగా తగిలాక మూతపెట్టి లోపలికి. దించిన రెండు గంటల్లోపు ఇది జరగాలి.

పెద్దవాళ్ల ఇన్సులిన్ ఉంటే అది అన్నిటికంటే ముఖ్యం. 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి, గడ్డకట్టకూడదు. ఒకసారి గడ్డకడితే కరిగాక మళ్లీ వాడకూడదు. చల్లటి గోడకు ఆనకుండా, చిన్న డబ్బాలో పెట్టి సరుకు మధ్యలో పైభాగాన ఉంచండి.

దారిలో రోజువారీ పద్ధతి

పగలు ఎండ, డ్రైవింగ్ వల్ల కరెంటు పుష్కలంగా వస్తుంది. అప్పుడు సెట్టింగ్ 2 డిగ్రీలకు తగ్గించండి, సీసాల్లోని నీళ్లన్నీ బాగా చల్లబడతాయి. రాత్రి పడుకునేముందు 5కు పెంచండి. సీసాల్లోని చల్లదనమే తెల్లవారుజాము దాకా కాస్తుంది, కంప్రెసర్ తక్కువ నడుస్తుంది, బ్యాటరీ మిగులుతుంది. ఇన్సులిన్ ఉంటే మాత్రం 4 దగ్గరే వదిలేయండి. మూత ఊరికే తీయకుండా, తాగే నీళ్లు వేరే కుండలోనో ఫ్లాస్కులోనో ఉంచుకుంటే పిల్లలు మాటిమాటికీ ఫ్రిజ్ దగ్గరికి రారు. పొద్దున లేవగానే బ్యాటరీ మానిటర్ చూడండి. 40 శాతం కంటే (ఏజీఎం అయితే 50 కంటే) తక్కువ ఉంటే ఆ రోజు ఎక్కడ ఛార్జ్ చేయాలో ముందే అనుకోండి.

ఆగిపోతే

కంగారు పడి మూత తీయొద్దు. మూసి ఉంచితే నిండుగా ఉన్న ఫ్రిజ్ కొన్ని గంటలు చల్లదనం పట్టుకుంటుంది.

డాన్‌ఫాస్, సెకాప్ కంప్రెసర్లున్న ఫ్రిజ్‌లలో కంట్రోల్ యూనిట్ మీద చిన్న లైటు వెలిగే వీలుంటుంది. కొన్ని సెకన్లకోసారి అది ఎన్నిసార్లు మెరిసిందో లెక్కపెట్టండి. ఒకసారి మెరిస్తే వోల్టేజీ తక్కువ, అంటే వైరు, ప్లగ్గు, బ్యాటరీ చూడాలి. రెండుసార్లు అయితే ఫ్యాను ఎక్కువ కరెంటు లాగుతోంది, వైరు తీసి ఫ్యాను మార్చాలి. మూడుసార్లు అయితే కంప్రెసర్ స్టార్ట్ కాలేకపోతోంది. నాలుగుసార్లు అయితే భారం ఎక్కువై వేగం అందుకోలేకపోతోంది. ఐదుసార్లు అయితే కంట్రోల్ యూనిట్ వేడెక్కింది. మూడు నుంచి ఐదు దాకా ఏది వచ్చినా ముందు చేయాల్సింది ఒకటే: స్విచ్ ఆపి, చుట్టూ ఉన్న సామాను తీసి, జాలీ దుమ్ము దులిపి, నీడలో అరగంట వదిలేసి మళ్లీ వేయడం. అప్పటికీ అదే వస్తే మెకానిక్ దగ్గరకు వెళ్లాల్సిందే.

లైటే లేకపోతే ఫ్యూజుతో మొదలుపెట్టండి. ఫ్యూజు బాగుంటే ఫ్రిజ్ ప్లగ్గు దగ్గర వోల్టేజీ, అక్కడ లేకపోతే కనెక్టర్, తర్వాత బ్యాటరీ టెర్మినల్. 15 ఆంపియర్ల ఫ్యూజులు నాలుగు, కొన్ని లగ్గులు, మల్టీమీటరు, చిన్న బ్రష్షు ఎప్పుడూ వ్యానులో ఉండాలి.

ఎంతకీ నడవకపోతే మన డెల్టాలో సులువుగా దొరికే ఆసరా ఒకటుంది. రొయ్యలు, చేపల వ్యాపారం వల్ల భీమవరం, నరసాపురం, కాకినాడ చుట్టుపక్కల ఐసు ఫ్యాక్టరీలు ఉన్నాయి. కిలో ఐసు కరుగుతూ దాదాపు 93 వాట్ అవర్ల వేడిని లాగేసుకుంటుంది. 5 కిలోల ఐసు మందపాటి కవర్లో కట్టి ఫ్రిజ్‌లో సరుకు పైన పెడితే అదే ఐసు పెట్టె అయిపోతుంది, మూత తీయకుండా ఉంటే ఒక రాత్రి గడుస్తుంది. నలగ్గొట్టిన ఐసు తొందరగా కరుగుతుంది, దిమ్మ ముక్కలే అడగండి. అది చేపల కోసం చేసిన ఐసు. చల్లదనానికే వాడండి గానీ మజ్జిగలోనూ నిమ్మరసంలోనూ వేయకండి, తినే పదార్థాలకు తగలకుండా కవరు ముడి గట్టిగా వేయండి.

ఇంటికి వచ్చాక

సముద్రతీరం నుంచి వచ్చిన ఫ్రిజ్ జాలీని మెత్తటి బ్రష్షుతో దులిపి, తడిగుడ్డతో బయటి ఉప్పు తుడవండి. లోపల వంటసోడా కలిపిన నీళ్లతో కడిగి పూర్తిగా ఆరనివ్వాలి. మూత కింద చిన్న చెక్క ముక్క పెట్టి కాస్త తెరిచే ఉంచండి, మూసేస్తే మన తేమకు వారంలో బూజు పడుతుంది. లిథియం బ్యాటరీని సగం ఛార్జింగ్ దగ్గర వదిలేసి, ఫ్రిజ్ కనెక్టర్ ఊడదీయండి. ఏజీఎం అయితే నిండుగా ఛార్జ్ చేసి, నెలకోసారి మళ్లీ నింపుతూ ఉండాలి. టెర్మినళ్ల మీద తెల్లగానో పచ్చగానో ఏదైనా పేరుకుంటే వేడినీళ్లతో కడిగి, ఆరబెట్టి, మళ్లీ వాజలిన్ రాయండి.